ఒక్క పుల్ అప్ కూడా రావట్లేదా? ముందు రో పట్టుకోండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ: వయసు ముప్పై రెండు, బరువు 74 కిలోలు, హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఉద్యోగం. ఇంట్లో పుషప్స్ ఇరవై దాకా తీస్తున్నారు, కానీ పార్కులో బార్ పట్టుకుని వేలాడితే ఒక్క పుల్ అప్ కూడా రావడం లేదు. సాయంత్రానికి మెడ కింద, వీపు పైభాగంలో పట్టేసినట్టు ఉంటోంది. జిమ్‌కు వెళ్లే వీలు లేదు. ఒంటి బరువుతోనే వీపుకు బలం తెచ్చుకునే దారి ఉందా, తలుపుకు టవల్ వేసి లాగే వీడియోలను నమ్మొచ్చా అని అడిగారు.

దారి ఉంది. బాడీ వెయిట్ రో. కొందరు ఇన్వర్టెడ్ రో అంటారు, కొందరు ఆస్ట్రేలియన్ పుల్ అప్ అంటారు. నడుము ఎత్తున ఉన్న బార్ కింద వెల్లకిలా వేలాడి, మడమలు నేలకు ఆనించి, ఒళ్లంతా తిన్నగా బిగబట్టి, ఛాతీ బార్‌కు తగిలేదాకా లాగడమే. విశాఖలో కొన్నేళ్లుగా పొద్దున్నే గ్రౌండ్‌లో కుర్రాళ్లకు, ఉద్యోగస్తులకు కసరత్తు నేర్పిస్తున్నాను. పుల్ అప్ రావాలని వచ్చిన ప్రతి ఒక్కరినీ ముందు రో దగ్గరికే పంపిస్తాను.

మీకు పుల్ అప్ రాకపోవడంలో వింతేమీ లేదు, దిగులూ అక్కర్లేదు. మన దగ్గర ఇంట్లో చేసే కసరత్తంతా నెట్టుడే. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసేవాళ్లు. ఇప్పుడు పుషప్స్, స్క్వాట్స్, సూర్య నమస్కారాలు. వీటిలో ఛాతీ, భుజం ముందు భాగం, తొడలు బాగా పనిచేస్తాయి. భుజంగాసనం, శలభాసనం వెన్ను పొడవునా ఉన్న కండరాలకు మంచివే, కానీ చేతులతో దేన్నీ లాగే పని వాటిలోనూ లేదు. నూతిలో చేద వేసి నీళ్లు తోడుకున్న రోజుల్లో ఆ లాగుడు ఇంటి పనిలోనే ఉండేది. మోటార్లు వచ్చాక అదీ పోయింది. పైగా పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులే. పుల్ అప్‌లో మొత్తం బరువు మోయాలి, అదీ ఇన్నాళ్లూ పని అలవాటు లేని కండరాలతో.

రోలో అయితే ఎంత బరువు లాగాలో పాదాలు పెట్టే చోటుతో తేల్చుకోవచ్చు. ఒళ్లు నేలకు దాదాపు సమాంతరంగా ఉంటే చేతుల మీద పడేది మీ 74 కిలోల్లో సుమారు 50 కిలోలు. 45 డిగ్రీల వాలులో 35 చిల్లర. ఇంకా నిటారుగా, నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే 25 కిలోలు. మడమ దగ్గర తిరిగే దూలంగా ఒంటిని తీసుకుని కట్టిన ఉజ్జాయింపు లెక్క ఇది, మనిషి పొడుగును, ఒంటి తీరును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. రెండడుగులు ముందుకు జరిగితే బరువు పెరుగుతుంది, వెనక్కి జరిగితే తగ్గుతుంది. అందుకే ఇది పదిహేనేళ్ల పిల్లాడికీ పనికొస్తుంది, అరవై ఏళ్ల పెద్దాయనకీ పనికొస్తుంది. మా గ్రౌండ్‌కు వచ్చే ఆడవాళ్లలో చాలామంది అంతకుముందు బార్ ముట్టుకుని ఎరగరు. వాళ్లూ ఇదే వరసలో, నిటారు కోణం నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతారు.

ఇందులో పనిచేసే కండరాలు చాలానే. చంకల కింద నుంచి నడుము దాకా పరుచుకున్న లాట్స్, షోల్డర్ బ్లేడ్స్ (వీపు పైన రెండు పక్కలా ఉండే రెక్క ఎముకలు) మధ్య ఉండే రాంబాయిడ్స్, మెడ నుంచి వీపు మధ్య దాకా ఉండే ట్రాప్స్‌లో మధ్య, కింది భాగాలు, భుజం వెనక కండ, బైసెప్స్, ముంజేతులు. ఒళ్లు తిన్నగా నిలవాలంటే నడుము, పిరుదులు, తొడల వెనక భాగం కూడా బిగుసుకునే ఉండాలి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్, తన సహచరులతో కలిసి మూడు రకాల రోలను పోల్చి 2009లో ఆ ఫలితాలు ప్రచురించారు: ఈ వెల్లకిలా రో, ముందుకు వంగి బార్‌బెల్ లాగే రో, ఒంటి చేత్తో కేబుల్ లాగే రో. లాట్స్, పైవీపు కండరాలు ఎక్కువగా పనిచేసింది వెల్లకిలా రోలో. నడుము భాగపు వెన్నెముక మీద ఎక్కువ భారం పడింది వంగి లాగే రోలో. రోజంతా కుర్చీలో కూర్చునే వాళ్లకు మొదట దీన్నే ఇవ్వడానికి నాకున్న పెద్ద కారణం అదే.

ఇక అందరికీ వచ్చే ఇబ్బంది, ఎక్కడ వేలాడాలి అని. మీ దగ్గరలో పార్కు ఉందన్నారు కాబట్టి ముందు అక్కడ డబుల్ బార్ ఉందేమో చూడండి. సింగిల్ బార్ సాధారణంగా ఎత్తులో ఉంటుంది, రోకి పనికిరాదు. డబుల్ బార్ రోకి చాలా బాగుంటుంది. రెండు బార్ల మధ్య నేల మీద కూర్చుని, ఒక్కో చేత్తో ఒక్కో బార్‌ను కింది నుంచి పట్టుకుని, కాళ్లు చాచి నడుము పైకి లేపండి. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి, భుజాలకు ఇంతకంటే సుఖమైన పట్టు లేదు. ఛాతీకి బార్ అడ్డం రాదు కాబట్టి మోచేతులు పక్కటెముకలను దాటి వెనక్కి పోతాయి. చాలామంది డబుల్ బార్ అంటే డిప్స్ (బార్ల మీద చేతులు ఆనించి ఒంటిని దించి ఎత్తే కసరత్తు) కోసమే అనుకుని, దాని కిందికి ఎప్పుడూ వెళ్లరు.

ఇంట్లో అయితే జిమ్నాస్టిక్స్ రింగుల జత కొనుక్కోవడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి ఖర్చు. చెక్కవి తీసుకోండి, చెమటకు జారవు. 28 మిల్లీమీటర్ల మందం, 32 మిల్లీమీటర్ల మందం దొరుకుతాయి, మన చేతులకు 28 హాయిగా ఉంటుంది. వాటిని ఎక్కడ వేలాడదీయాలంటే, పాత ఇళ్లలో ఉయ్యాలబల్ల కోసం స్లాబ్ పోసేటప్పుడే లోపలి ఊచలకు కట్టి వదిలిన కొక్కేలు ఉంటాయి. ఉయ్యాలలో ఇద్దరు మనుషులను మోసిన కొక్కేలు రోకి ధారాళంగా సరిపోతాయి. తుప్పు పట్టిందేమో మాత్రం చూసుకోండి. ఫ్యాన్ హుక్ జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లొద్దు. కిటికీ గ్రిల్, బాల్కనీ రెయిలింగ్, మెట్ల పక్కన స్టీలు పైపులు కూడా వద్దు. అవి మనిషి ఆనుకోవడానికి పెట్టినవి, లాగడానికి కాదు. రెండు ప్లాస్టిక్ కుర్చీల మీద కర్ర అడ్డం పెట్టి లాగే వీడియోలు చూస్తుంటే భయమేస్తుంది. కర్ర విరిగినా, కుర్చీ జరిగినా తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది.

బరువైన చెక్క డైనింగ్ టేబుల్ ఉంటే దాని కింద పడుకుని అంచు పట్టుకుని లాగొచ్చు. అద్దం పలక ఉన్నది పనికిరాదు. మొదటిసారి అవతలి అంచు మీద ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, టేబుల్ మీ వైపు ఒరుగుతుందేమో పరీక్షించుకున్నాకే ఒంటరిగా చేయండి.

తలుపు సంగతి. టవల్ వేసి లాగడాన్ని తీసిపారేయక్కర్లేదు. పైన కట్టి, కొసలు పట్టుకుని ఒంటి బరువుతో కసరత్తు చేసే టీఆర్ఎక్స్ పట్టీల కథ కూడా అక్కడే మొదలైంది. 1990ల చివర్లో అమెరికా నౌకాదళపు ప్రత్యేక దళమైన నేవీ సీల్స్‌లో పనిచేసిన రాండీ హెట్రిక్, కసరత్తుకు చోటు లేనప్పుడు జుజుత్సు బెల్టును తలుపు మీదుగా వేసి లాగడంతో దాన్ని మొదలుపెట్టాడు. పద్ధతి తెలిస్తే చాలు. గట్టి చెక్క తలుపు కావాలి, బాత్రూమ్ పీవీసీ తలుపు కాదు. మీరు నిలబడ్డ వైపుకు తెరుచుకునే తలుపు అసలు వద్దు. అవతలి గదిలోకి తెరుచుకునేదై ఉంటే మీరు లాగే కొద్దీ తలుపు ఫ్రేమ్‌కే బిగుసుకుంటుంది. దళసరి దుప్పటిని పొడవుగా మెలిపెట్టి, మధ్యలో పెద్ద ముడి వేసి, ఆ ముడి అవతలి వైపు పైన ఉండేలా తలుపు మీదుగా వేసి, మూసి గడియ పెట్టండి. రెండు కొసలూ మీ చేతుల్లో ఉంటాయి. బందుల వైపుకు దగ్గరగా ముడి పెడితే తలుపు మీద ఒత్తిడి తక్కువ. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి, మీరు వెనక్కి వాలి ఉన్నప్పుడు అవతలి నుంచి ఎవరైనా తలుపు తీస్తే వెల్లకిలా పడతారు. దీనితో వచ్చే చిక్కు ఒక్కటే, ఒక హద్దు దాటి కిందికి వాలలేరు. మొదటి రెండు నెలలకు సరిపోతుంది, తర్వాత బార్ గానీ రింగులు గానీ చూసుకోవాల్సిందే.

ఇప్పుడు చేసే తీరు. దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే రో తప్పుగా చేస్తే బైసెప్స్ అలసిపోతాయి, వీపు మాత్రం ఊరికే కూర్చుంటుంది.

చేతులు భుజాల కంటే నాలుగు వేళ్లు ఎడంగా పెట్టి, బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టుకోండి. చేతులు పూర్తిగా చాచి వేలాడండి. మోచేతులు వంచకుండా, షోల్డర్ బ్లేడ్స్ రెండింటినీ దగ్గరకు లాగండి. ఒళ్లు ఒకటి రెండు అంగుళాలు పైకి లేస్తుంది, అంతే. ఈ కదలిక ముందు, మోచేతులు తర్వాత. నా దగ్గరకు వచ్చేవాళ్లకు ఇది మాటలతో చెబితే అందదు. వీపు మధ్యలో, షోల్డర్ బ్లేడ్స్ నడుమ నా చూపుడు వేలు పెట్టి, దాన్ని రెండు పక్కల నుంచీ నొక్కమంటాను. అప్పటిదాకా చెవుల వైపు ఎగదీసుకుని ఉన్న భుజాలు ఒక్కసారిగా కిందికి దిగుతాయి, వేలి కింద చర్మం ముడత పడుతుంది, మోచేతులు ఇంకా చాచే ఉంటాయి. అది దొరికిన రోజు నుంచే వీపు పనిచేయడం మొదలవుతుంది. మీ ఇంట్లో ఎవరినైనా అలా వేలు పెట్టమనండి. ప్రతిసారీ అసలు సెట్లకు ముందు చేతులు వంచకుండా ఇలా పది సార్లు చేయండి, వార్మప్ కూడా అయిపోతుంది.

తర్వాత మోచేతులను వెనక్కి, కాస్త కిందికి తీసుకెళ్తూ ఛాతీని బార్ దగ్గరకు తేవాలి. మోచేతులు పక్కలకు సుమారు 45 డిగ్రీల ఎడంలో ఉంటే అన్ని కండరాలకూ పని సమంగా పడుతుంది. ఒంటికి దగ్గరగా ఉంచి కింది పక్కటెముకల వైపు లాగితే లాట్స్‌కు ఎక్కువ. వెడల్పుగా పట్టి పైఛాతీకి లాగితే భుజం వెనక కండకు, షోల్డర్ బ్లేడ్స్ మధ్య భాగానికి ఎక్కువ. మీకు పట్టేస్తున్నది అక్కడే కాబట్టి కొన్నాళ్లయ్యాక వారంలో ఒక రోజు ఈ వెడల్పు పట్టు చేర్చుకోండి.

పైన ఛాతీ తగిలాక ఒక సెకను ఆగండి. దిగేటప్పుడు మూడు సెకన్లు తీసుకోండి. దిగుతూ దిగుతూ చివరికి చేతులు పూర్తిగా చాచాలి, షోల్డర్ బ్లేడ్స్ మళ్లీ విడిపోవాలి.

నడుము కిందికి జారడం అందరిలో కనిపించే తప్పు. పిరుదులు గట్టిగా బిగిస్తే చాలు, దానంతటదే సర్దుకుంటుంది. ఇంకొకటి, ఛాతీ అందకపోతే గడ్డం చాచి బార్‌ను అందుకోవాలని చూడటం. మెడ నొప్పి ఉన్నవాళ్లు ఇలా చేస్తే నొప్పి పెరుగుతుంది. చూపు పైకప్పు మీద ఉంచండి, మెడ కదలకూడదు.

కోణం తగ్గించాలంటే నాది ఒకటే నియమం: ఛాతీ బార్‌కు తగలాలి (డబుల్ బార్, రింగులు, తలుపు అయితే చేతుల మట్టానికి రావాలి). తగలని రెప్‌ను, అంటే ఆ ఒక్క లాగుడును, లెక్కలో వేయను. ఆర్మీ భర్తీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లు మా గ్రౌండ్‌లో ఎక్కువ. వాళ్ల భాషలో పుల్ అప్ అంటే బీమ్, అక్కడ పది తీస్తే 40 మార్కులు, ఆరుకు 16. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు బీమ్ మీద నాలుగు తీసేవాడు, ఐదోది ఎప్పుడూ సగం పైన ఆగిపోయేది. రో కింద పడుకోబెట్టి పక్కన కూర్చుని చూశాను. ఎంత లాగినా ఛాతీకీ బార్‌కీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలిపోతోంది, ప్రతి రెప్‌లోనూ అదే చోట. చేతులకు బలం ఉంది, షోల్డర్ బ్లేడ్స్‌ను చివరిదాకా దగ్గరకు తెచ్చే బలం లేదు. బార్ ఎత్తు పెంచి, ఛాతీ తగిలే కోణం దొరికాక పైన రెండు సెకన్లు ఆపించాను. పక్కవాళ్లు పడుకుని చేస్తుంటే తను వాలుగా నిలబడి చేయడం అతనికి మొదట్లో నచ్చలేదు. కొన్ని వారాలకు ఆ సందు పూడింది, బీమ్ మీద ఐదోది, ఆరోది వరసగా వచ్చాయి. సగం రెప్స్ ఎన్ని తీసినా ఆ చివరి నాలుగు వేళ్ల బలం రాదు.

మీకు నేను ఇచ్చేది ఇలా ఉంటుంది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ. 45 డిగ్రీల వాలుతో మొదలుపెట్టండి, ఛాతీ తగలకపోతే ఇంకాస్త నిటారుగా రండి. మూడు సెట్లు, సెట్‌కు ఎనిమిది. ఇంకో రెండు తీయగలను అనిపించినప్పుడే ఆపండి. సెట్ల మధ్య ఒకటిన్నర, రెండు నిమిషాలు విశ్రాంతి. అదే కోణంలో పన్నెండు చొప్పున మూడు సెట్లు శుభ్రంగా వచ్చాయంటే పాదాలు ముందుకు జరపండి. తక్కువ ఎత్తు బార్ దగ్గరకు వచ్చాక మొదట మోకాళ్లు మడిచి పాదాలు పూర్తిగా నేలకు ఆనించండి, తర్వాత కాళ్లు చాచండి, ఆ తర్వాత మడమలు స్టూలు మీద పెట్టండి. అదీ తేలికైతే ఛాతీ మీద పుస్తకాల బ్యాగు, లేదా రింగుల మీద ఒక చేయి చాచి ఉంచి రెండో చేత్తో ఎక్కువ లాగడం. మీ పుషప్స్ మానక్కర్లేదు, కానీ పుషప్స్ ఎన్ని సెట్లు చేస్తే రో కూడా కనీసం అన్ని చేయండి. మీకైతే మొదటి మూడు నెలలు రో కొంచెం ఎక్కువే ఉండనివ్వమంటాను.

తిండి విషయంలో కిలో ఒంటి బరువుకు 1.6 గ్రాముల ప్రొటీన్ దగ్గర్లో ఉంటే చాలు, మీకు రోజుకు దాదాపు 120 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటుంది. అన్నం కుప్పగా, పప్పు రెండు గరిటెలుగా తింటే ఆ లెక్క అందదు.

అరచేతులు కాయలు కాస్తాయి, దానికి కంగారు పడకండి. మోచేయి లోపలి వైపు నొప్పి వస్తే మాత్రం పట్టించుకోండి. కండరం బలపడినంత త్వరగా స్నాయువులు బలపడవు, మొదటి నెలలో ఉత్సాహం కొద్దీ రోజూ చేసేవాళ్లకు ఇది వస్తుంది. రోజులు తగ్గించి, అరచేతులు మీ వైపుకు తిప్పి పట్టే పట్టును కొన్నాళ్లు మానేయండి.

మీ వీపు పట్టేయడం గురించి. కండరాల బలం పెరిగితే చాలామందికి ఆ సాయంత్రం పట్టేయడం తగ్గుతుంది, మీకూ తగ్గుతుందనే నా అంచనా. కానీ రో చేస్తున్నాం కదా అని ఏకధాటిగా నాలుగు గంటలు కుర్చీలో కూర్చుంటే ఏ కసరత్తూ కాపాడదు, గంటకోసారి లేవండి. నొప్పి చేతిలోకి గానీ మోకాలి కిందికి గానీ పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా, పట్టు సడలుతున్నా కసరత్తు ఆపి ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. మూత్రం మీద అదుపు తప్పినట్టు అనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కాళ్లు చాచి, ఒళ్లు దాదాపు సమాంతరంగా ఉంచి పన్నెండు రోలు వచ్చాక పుల్ అప్ వైపు వెళ్దాం. రో ఒక్కటే పుల్ అప్ తెచ్చిపెట్టదు, లాగే దిశ వేరు. అప్పుడు బల్ల ఎక్కి గడ్డం బార్ పైన ఉంచి, ఐదు సెకన్లలో మెల్లగా దిగడం మొదలుపెట్టాలి, మూడు సెట్లు, సెట్‌కు మూడు నాలుగు. రో మాత్రం మానొద్దు, పుల్ అప్స్ పది వచ్చాక కూడా వారానికి రెండు రోజులు ఉంచండి. ఈలోపు మొదటి వారం చేశాక పక్క నుంచి ఒక వీడియో తీయించుకుని చూసుకోండి, చీలమండ నుంచి చెవి దాకా ఒకే గీతలో ఉన్నారా, ఛాతీ తగులుతోందా అని. డబుల్ బార్ దొరికిందో, తలుపుతోనే మొదలుపెట్టారో రాయండి. దాన్ని బట్టి బార్ ఎత్తు, పాదాల దూరం చెబుతాను.